ఖాళీగా వదిలిన గడి

ఫ్రాన్సులో ఒక కాలువ గట్టు మీద నూట పద్నాలుగు కిలోమీటర్ల కంకర దారి ఉంది. దాని మీద ఎన్ని లాకులున్నాయో, ఏ లాకు దగ్గర దారి ఎడమ గట్టు నుంచి కుడి గట్టుకు మారుతుందో, ఎక్కడ చెట్ల వేళ్ళు పైకి లేచి సైకిలు ఎగిరెగిరి పడుతుందో నేను చూడకుండా చెప్పగలను. చూడకుండా అంటే నిజంగానే చూడకుండా. నేను ఫ్రాన్సు వెళ్ళలేదు. పంపిస్తామని మొదటి ఏడాది అన్నారు. రెండో ఏడాది అనలేదు. మూడో ఏడాది నేను అడగలేదు.

బెంగళూరు మారతహళ్ళిలో రింగు రోడ్డును ఆనుకుని ఉన్న ఒక మేడలో, నాలుగో అంతస్తులో మా ఆఫీసు. ఫ్రాన్సులోని సైకిలు యాత్రల కంపెనీ ఒకటి మాకు పని ఇస్తుంది. వాళ్ళు అమ్మేది ఒకే ఒక మాట: వాహనాలు లేని దారి. ఐదు రోజులు తొక్కినా ఒక్క కారు ఎదురు రాదు. టైర్ల కింద కంకర, పక్కన కాలువో ద్రాక్షతోటో, సాయంత్రానికి ఏదో పల్లెలో భోజనం, పడక. ఆ మాట నిలబడాలంటే ప్రతి వంద మీటర్లకూ ఎవరో ఒకరు పూచీ పడాలి. ఆ పూచీ మాది. ఉపగ్రహ చిత్రాలూ, ఎవరో తీసి పెట్టిన ఫోటోలూ చూసి, పట్టాలు పీకేసిన పాత రైలు దారులను, కాలువ గట్లను, పొలాల మధ్య బండిబాటలను గీతలుగా గీస్తాం. ఒక్కో గీతకు ఒక పట్టిక నింపుతాం. పొడవు. వెడల్పు. పైన ఏముంది: గట్టి కంకరా, వదులు కంకరా, మట్టా, గడ్డా. ఎవరు వెళ్ళవచ్చు. మోటారు బండ్లు. అడ్డంకులు. మొత్తం ఆరు గడులు.

నా కుర్చీ కిటికీ పక్కన. తెర మీద ఒక్క బండీ లేని దారి, అద్దం అవతల ఒక్కటీ కదలని బండ్లు. మూడేళ్ళు అలా కూర్చుంటే మనిషి లోపల ఏదో పులుస్తుంది.

ఆ ఆరు గడుల్లో రెండింటి గురించి ఇక్కడే చెప్పాలి. తర్వాత జరిగినదంతా వాటి వల్లే జరిగింది.

ఒకటి, "ఎవరు వెళ్ళవచ్చు" అన్న గడి. ఫ్రాన్సులో పల్లె బాటలు చాలావరకు పల్లెవే. సొంతదారు అయితే సొంతమని బోర్డు పెట్టుకుంటాడు. అందుకని మాకు నేర్పిన సూత్రం చాలా చిన్నది. మా టీమ్ లీడ్ విజయవాడ అమ్మాయి, నాకంటే రెండేళ్ళు పెద్ద. నా వెనక నిలబడి ఆ సూత్రాన్ని రోజుకు పదిసార్లు వల్లించేది. "బోర్డ్ ఉందా? లేదు కదా. అయితే పబ్లిక్. నెక్స్ట్."

రెండోది, "మోటారు బండ్లు" అన్న గడి. మా పనిలో ప్రతి దారీ వాహనాలు లేని దారే కాబట్టి, పట్టిక తెరవగానే మా ప్రోగ్రామే అందులో "నిషేధం" అని నింపేస్తుంది. మూడేళ్ళలో నేను ఆ గడిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ముట్టుకోనిది కొంతకాలానికి కంటికి కనబడదు.

నేను ఉండేది యలహంకలో. ఆఫీసుకు బస్సులో పోయి రావడానికి రోజుకు సుమారు మూడున్నర గంటలు. ఆదివారం మాత్రం నాది. సెకండ్‌హ్యాండ్‌లో కంకర మీద తొక్కే గ్రావెల్ సైకిలు ఒకటి కొన్నాను, నలభై మిల్లీమీటర్ల టైర్లు. ఫ్రాన్సు పట్టికల్లో మేము లెక్కలోకి తీసుకునే టైరు అదే. యలహంకకు ఉత్తరాన ముప్పై కిలోమీటర్ల చుట్టు దారి ఒకటి, మోటారు బండి ఎదురు రానిది, దొరుకుతుందా లేదా అన్నది నా ప్రశ్న. ఆదివారాల్లో నేను చేసింది ఆ వెతుకులాటే. దాన్ని సరదా అనలేను. వారమంతా పరాయి వాళ్ళ నిశ్శబ్దాన్ని కొలిచే మనిషి తన ఊళ్ళో ఒక్కసారైనా అది ఉందని రుజువు చేసుకోవాలనుకుంటే, అందులో సరదా పాలు తక్కువ, పంతం పాలు ఎక్కువ.

ఏడు ఆదివారాల్లో ముప్పై ఒక్క కిలోమీటర్లు కుదిరాయి. ఒక చెరువు కట్ట, ఒక రైల్వే లైను పక్క బాట, రెండు నీలగిరి తోపులు, పాత క్వారీకి పోయే ఎర్రమట్టి దారి. ఒక్క చోట మాత్రం తెగింది. చెరువు కట్ట దిగిన చోటికీ నీలగిరి తోపు మొదలయ్యే చోటికీ మధ్య ఆరువందల నలభై మీటర్లు. ఆ ఆరువందల నలభై మీటర్లను తప్పించుకోవాలంటే పెద్ద రోడ్డెక్కి, ఎయిర్‌పోర్టుకు పోయే క్యాబుల మధ్య నాలుగు కిలోమీటర్లు తొక్కాలి.

ఆ మధ్యలో ఒక బాట ఉంది. రెండు చామంతి మడుల నడుమ, ట్రాలీ ఒకటి పట్టేంత వెడల్పు. మొదట్లో ఒక ముళ్ళకంప అడ్డంగా పడేసి ఉంది. నేను సైకిలు ఆపి చుట్టూ చూశాను. అలవాటుగా బోర్డు కోసం చూశాను. లేదు. కంప పక్కకు లాగి, ఇవతలికి వచ్చి, మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. పెట్టి వెనక్కి తిరిగేసరికి మడి మధ్యలో ఒక ముసలాయన నడుము మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

కన్నడలో ఏదో అడిగాడు. నా కన్నడం వినగానే తెలుగులోకి మారిపోయాడు.

"కంప మళ్ళీ పెట్టినావే. అందుకే ఊరికే ఉండాను. లేకుంటే అరిచుందును."

దారి ఎటు పోతుందని అడిగాను. దారి ఎటూ పోదనీ, తమ పూలు పోతాయనీ అన్నాడు. బాట వాళ్ళ సొంత నేలలోనే ఉంది. తాతల నాడు మడుల మధ్య వదులుకున్నది, ట్రాలీ రావడానికి. నేను "అలాగాండీ, క్షమించండి" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది.

"ఏమప్పా, టీవీలో మాదిరి మాట్లాడతావే. ఏ ఊరు?"

చెప్పాను. వాళ్ళది ఈ ఊరేనట, ఎన్ని తరాలుగానో. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, సంతలో రెండూ. నేను సైకిలు ఎందుకు తొక్కుతున్నానో అడిగాడు. చెప్పాను. అర్థం కాలేదని ఆయన ముఖమే చెప్పింది. ఒక్కడివేగా, పో అన్నాడు. అంతలో మడి అవతలి నుంచి ఆయన భార్య కేకేసింది.

"దిగి నడిచి పొమ్మను. దుమ్ము లేస్తాది."

అది తర్వాత అర్థమైంది. పూల మీద దుమ్ము పడితే సంతలో పక్కన పెట్టేస్తారు. కడిగితే తడికి కుళ్ళుతాయి. అందుకని బాటకు అటూ ఇటూ ఉన్న మడుల పొడవునా, సుమారు నూట ఎనభై మీటర్లు, వాళ్ళ సొంత ట్రాలీ కూడా మనిషి నడకంత మెల్లగా పోతుంది. సైకిలువాడు దిగి నడవాలి. అది ఆమె పెట్టిన షరతు. ఆ ఆదివారం నుంచి నేను పదకొండుసార్లు ఆ బాటలో వెళ్ళాను. పదకొండుసార్లూ కంప తీశాను, పెట్టాను, దిగాను, నడిచాను. మూడోసారికి ఆమె మజ్జిగ ఇచ్చింది. ఐదోసారికి నా టైర్ల వెడల్పు చూసి, ఇంత లావు టైర్లున్నా దీనికి మోటారు పెట్టుకోలేదా అని ముసలాయన ఎగతాళి చేశాడు. ఎనిమిదోసారి నేను టేపు తెచ్చి బాట వెడల్పు మూడు చోట్ల కొలిచాను. ముసలాయనే టేపు రెండో కొస పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. చదువుకున్నవాళ్ళు ఏదో ఒకటి కొలుస్తుంటారని ఆయన అనుకున్నట్టున్నాడు.

ఇంటర్నెట్లో ఎవరైనా దిద్దగలిగే ప్రపంచ పటం ఒకటి ఉంది. అందులో గీసిన దారినే నా ఫోను "ఇప్పుడు ఎడమకు తిరుగు" అని చెప్పగలదు. గీయకపోతే చెప్పదు. ఒక శనివారం మధ్యాహ్నం గదిలో కూర్చుని నా ముప్పై ఒక్క కిలోమీటర్లలో అప్పటికి పటంలో లేని ముక్కలన్నీ గీశాను. చామంతుల బాట కూడా గీశాను. గీత చాలా బాగా వచ్చింది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు తెరను కొంచెం దూరంగా జరిపి చూసుకున్నాను.

పొడవు: ఆరువందల నలభై మీటర్లు. వెడల్పు: రెండు పాయింట్ ఆరు. పైన: గట్టి మట్టి, అక్కడక్కడ గరుసు. ఎవరు వెళ్ళవచ్చు అన్న చోట చెయ్యి దానంతట అదే ఆగింది. ముసలాయన "మా నేల" అన్న మాట గుర్తుంది. ఆయన "పో" అన్న మాట కూడా గుర్తుంది. బోర్డు లేదు. "అందరూ" అని పెట్టాను. అడ్డంకి: ఉంది, తీయదగినది. నడిచే షరతు పెట్టడానికి గమనిక రాసే చోటు ఉంది. రాశాను కూడా, "మడుల పక్కన దిగి నడవాలి" అని. దారి చూపే యంత్రం గమనికలు చదవదని నాకు తెలుసు. మనుషులు చదువుతారనుకున్నాను.

మోటారు బండ్ల గడిని ముట్టుకోలేదు. ఇంట్లో వాడే ఆ పటానికి మా ఆఫీసు ప్రోగ్రాము లేదు. "నిషేధం" అని దానంతట అది నింపేవాళ్ళు అక్కడెవరూ లేరు. ఖాళీగా ఉండిపోయింది. "అందరూ" అని ఉండి ఆ గడి ఖాళీగా ఉంటే, యంత్రం లెక్కలో కారు కూడా వెళ్ళవచ్చనే అర్థం.

చివరగా, మార్పు ఎందుకు చేశామో రాయమంటుంది. నేను ఎప్పుడూ వివరంగా రాస్తాను. "స్వయంగా పదకొండుసార్లు వెళ్ళి చూశాను. వెడల్పు మూడు చోట్ల కొలిచాను. స్థానికులు అభ్యంతరం చెప్పలేదు." ప్రతి మాటా నిజమే.

ఆ తర్వాత ఆఫీసులో కొత్త ప్రాంతం మొదలైంది, శనాదివారాలు కూడా పనే. అది అయ్యేసరికి వానలు. మళ్ళీ నేను చెరువు కట్ట ఎక్కింది దాదాపు మూడు నెలల తర్వాత.

కట్ట దిగుతుండగానే ఏదో తేడా కనిపించింది. కంప అడ్డంగా లేదు. దూరంగా కాలువలోకి విసిరేసి ఉంది. బాట మీద రెండు లోతైన చక్రాల గాడులు, వాటిలో బురద. నేను దిగి నడుస్తుండగా వెనక నుంచి హారన్ మోగింది. తెల్లటి క్యాబు. పక్కకు తప్పుకుంటే మడిలో కాలు పెట్టాలి. పెట్టాను. క్యాబు వెళ్ళింది. వెనక సీట్లో ఒకామె ఫోను చూసుకుంటోంది, టాపు మీద రెండు సూట్‌కేసులు. దాని వెనక మరొకటి. దాని వెనక తిండి డెలివరీ చేసే బైకు.

రెండు పక్కలా నాలుగేసి సాళ్ళ చామంతులు బూడిద రంగులో ఉన్నాయి.

ముసలాయన పాక ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషించాడు. అది ఇంకా కష్టంగా ఉంది. ఇన్నాళ్ళు ఏమైపోయావన్నాడు. జరిగినదంతా చెప్పాడు. పెద్ద రోడ్డులో మెట్రో పనులకు దారి ఆపినప్పుడల్లా బండ్లు ఇటు తిరుగుతున్నాయట. మొదట్లో కంప తీసి మళ్ళీ పెట్టేవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. తర్వాత తీసి పారేయడమే. ఒక పొద్దున ఎవరివో ఆవులు దూరి ఒక మడి తినేశాయి. ఆయన అడ్డం నిలబడి ఇది దారి కాదని చెబితే, డ్రైవర్లు ఫోను తిప్పి చూపిస్తారట, చూడు తాతా, ఉంది కదా అని. మాకు తెలియని దారి మా నేలలో ఫోనులో ఉండాదంట అని ఆయన నవ్వబోయి మానేశాడు.

మజ్జిగ ఇస్తే తాగాను. గదికి వచ్చి, పటం తెరిచి, గీత తీసేశాను. కారణం రాయాల్సిన చోట "ప్రైవేటు భూమి" అని రెండే మాటలు రాశాను. జీవితంలో మొదటిసారి క్లుప్తంగా రాశాను.

తీసేస్తే పోతుందనుకోవడం నా వృత్తిలో ఉన్నవాడు చేయకూడని పొరపాటు. పటం కాపీలు ఎన్నో చోట్ల ఉంటాయి, అవి ఎప్పుడు దిద్దుకుంటాయో ఎవరికీ తెలియదు. డ్రైవర్లకు ఇప్పుడు ఫోను అక్కర్లేదు కూడా. దారి నోటికి వచ్చేసింది. పైగా ఆ పటం ఏదీ మరిచిపోదు. ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, ఏమని రాశారు, ఎప్పుడు తీశారు, అన్నీ వరసగా ఉంచుతుంది. ఆ వరస ఎవరైనా చూడవచ్చు.

చూసినవాళ్ళున్నారు. చామంతి మడుల వెనక, నీలగిరి తోపుకు ఇవతల, ఒక లేఅవుట్ వేస్తున్నారు. దానికి సరైన దారి లేదు. ఉన్న ఒక్క సందూ వంకరగా, కారు తిరగడం కష్టం. వాళ్ళకు కావలసింది మడుల మధ్య నుంచి నేరుగా ఒక రోడ్డు. ముసలాయనను రెండేళ్ళుగా అడుగుతున్నారట, ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వాళ్ళు అడగడం మానేసి, ఇది ఎప్పటి నుంచో జనం నడిచే దారే, ఈయనే కంప వేసి మూస్తున్నాడని అంటున్నారు. కొలవడానికి సర్వేయరును పిలిచారు. ఇవన్నీ ఆయన నాకు తర్వాతి ఆదివారం చెప్పాడు. చెప్పి, నా వైపు జరిగి కూర్చున్నాడు.

"నువ్వు ఇట్లాంటి పనే చేస్తావంటివి గదా. ఫోన్లో ఇది ఎవురు రాసినారో కనుక్కుంటావా? వాణ్ణి పట్టుకుంటే, దారి కాదప్పా అని వాని నోటితోనే చెప్పించొచ్చు."

ఆయన భార్య పక్కనే కూర్చుని పూలలోంచి ఎండాకులు ఏరుతోంది. నాకు ఒక నిమిషం సమయం ఉంది. చూస్తానని చెప్పి లేవవచ్చు. తర్వాత కనుక్కోలేకపోయానని చెప్పవచ్చు. మళ్ళీ ఇటు రాకపోవచ్చు. ఈ మూడు దారులూ ఆ నిమిషంలో నాకు వరసగానే తోచాయి.

"నేనే తాతా," అన్నాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. నేను చేశానని, ఎందుకు చేశానో, ఎక్కడ ఏ గడి వదిలేశానో అంతా చెప్పాను. మోటారు బండ్ల గడి గురించి రెండుసార్లు చెప్పాను. అది చెప్తున్నంతసేపూ నాకే వినబడుతోంది, ఆ గడి ఎంత చిన్నదో.

ముసలాయన బాట వైపు చూశాడు.

"రాసేటప్పుడు మమ్మల్ని ఒక మాట అడగాల్సింది గదప్పా."

ఆయన భార్య తల ఎత్తలేదు. "అడిగింటే ఊఁ అనుందువు," అంది. "టేపు పట్టుకోమంటే పట్టుకోలేదా?"

సర్వేయరు వచ్చిన రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. ముసలాయన రమ్మనలేదు, వద్దనలేదు. నేను ఒక ఉత్తరం తయారు చేసుకున్నాను. తొమ్మిది అంశాలు, ఒక్కోదానికి సంఖ్య. బాట సొంత నేలలో ఉన్నదని నాకు మొదటి రోజే తెలుసని, అనుమతి నాకు ఒక్కడికే ఇచ్చారని, కంప మొదటి నుంచీ ఉన్నదని, పటంలో రాసినది నా తప్పని. కింద సంతకం.

సర్వేయరు మర్యాదస్తుడు. ఊరి నక్షా విప్పి, ఇందులో ఇక్కడ దారి లేదని ముందే చెప్పాడు. ముసలాయన ముఖం తేరుకుంది. అప్పుడు లేఅవుట్ వాళ్ళ తరఫు మనిషి ఒక కాగితాల కట్ట తీశాడు. నేను గీసినదీ, రాసినదీ, తీసేసినదీ, అన్నీ అచ్చు తీసి తెచ్చాడు. నేను ఇచ్చిన ఉత్తరం కూడా చదివి నా వైపే తిరిగాడు. గొంతులో కోపం ఏమీ లేదు.

"సార్, పదకొండుసార్లు పోయి చూసినానని మీరే రాసినారు. కొలిచినాననీ మీరే రాసినారు. అభ్యంతరం లేదనీ మీరే రాసినారు. మేము సర్వేకు అర్జీ పెట్టిన మూడో దినం తీసేసినారు. ఇందులో ఏది అబద్ధం సార్?"

ఏదీ అబద్ధం కాదు. నేను నా గమనికలు తప్పని చెప్పాలంటే, తప్పు రాసే మనిషినని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను కూడా. కానీ తన పనినే తప్పంటున్న మనిషి మాటకూ, ఎవరూ అడగకముందు కొలతలతో రాసిపెట్టిన కాగితానికీ మధ్య నన్ను నిలబెట్టి అడిగితే, నేను కూడా కాగితాన్నే నమ్ముతాను. ఆఫీసులో రోజూ చేసేది అదే.

సర్వేయరు దేనినీ తేల్చలేదు. తేల్చడం తన పని కాదనీ, ఇద్దరూ మాట్లాడుకోకపోతే కోర్టుకు పోవాల్సి వస్తుందనీ, అది ఏళ్ళ తరబడి సాగవచ్చనీ చెప్పాడు. అది బెదిరింపు కాదు, ఉన్న మాటే. ముసలాయన ఆ సాయంత్రం దాకా పాక ముందు కూర్చున్నాడు. నేనూ కొంచెం దూరంలో కూర్చున్నాను. చివరికి ఆయనే అన్నాడు, ఈ వయసులో తాలూకా ఆఫీసు మెట్లు ఎక్కలేననీ, ఒక పక్క పన్నెండు అడుగులు వదిలేస్తే మిగతా మడులైనా ఉంటాయనీ. నేను కోర్టుకు వస్తానని, ఎన్నిసార్లైనా వచ్చి చెప్తానని అన్నాను.

"నువ్వు అబద్ధం రాయలేదు కదప్పా," అన్నాడు. "ఉండేదే రాసినావు."

తిడతాడని నేను సిద్ధపడి వచ్చాను. దీనికి సిద్ధపడలేదు.

ఆ తర్వాతి వారం ఆఫీసులో, ఫ్రాన్సులో ఒక పల్లె చివర, రెండు తోటల మధ్య బాట ఒకటి నా వంతుకు వచ్చింది. ఫోటోలో ఒక కొమ్మ అడ్డంగా పడి ఉంది. గాలికి పడిందో, ఎవరైనా పెట్టారో తెలియదు. పక్కన ఇంటి పెరటి తీగ మీద బట్టలు ఆరుతున్నాయి. బోర్డు లేదు. నేను చాలాసేపు చూసి, "ఎవరు వెళ్ళవచ్చు" అన్న చోట "సొంతదారు మాత్రమే" అని పెట్టాను. రెండు రోజుల్లో అక్కడి నుంచి తిరిగి వచ్చింది. అది పల్లె దారేనని, రికార్డుల్లో శతాబ్దం నుంచి ఉందని, ఆ ఇంటివాళ్ళకు అభ్యంతరం ఉండే అవకాశమే లేదని చాలా మర్యాదగా రాశారు. నా పేరు మీద ఒక తప్పు నమోదైంది.

టీమ్ లీడ్ నా కుర్చీ వెనక నిలబడింది. "బోర్డ్ ఉందా?"

లేదన్నాను.

"మరి ఎందుకు పెట్టావ్ అలా? త్రీ ఇయర్స్ నుంచి చేస్తున్నావ్ కదా."

దిద్దాను. అక్కడ దారి నిజంగా దారే. ఎవరిదీ కాకుండా, ఎవరినీ తొక్కకుండా, కంకర పరిచి, చెట్టు నీడలో, అందరి కోసం ఒక దారి ఉండగలదని నేను రోజూ కొలిచి రుజువు చేస్తాను. ఆ రుజువు నాకు ఇప్పుడు ఓదార్పు ఇవ్వదు. తిట్టులా ఉంటుంది.

ఆఖరిసారి వెళ్ళింది పోయిన నెల. రోడ్డు వేసేశారు. తారు ఇంకా కాదు, ముందు కంకర పరిచారు. నలభై మిల్లీమీటర్ల టైరుకు సరిగ్గా సరిపోయే కంకర; మా పట్టికలో అయితే రెండో తరగతి. ఎడమ పక్క మడి లేదు. కుడి పక్క మడికి పాత చీరలు కట్టి దుమ్ముకు తెర వేశారు. తెర ఇవతలి సాళ్ళు ఎలాగూ పనికిరావని వదిలేశారు. ముళ్ళకంప పాక గోడకు ఆనించి ఉంది, ఎండి, పొయ్యిలోకి సిద్ధంగా.

ముసలాయన సంతకు వెళ్ళాడట. ఆయన భార్య తెర వెనక పూలు కోస్తోంది. నేను మడి మొదట్లో సైకిలు ఆపి, ఎప్పటిలా దిగి, నడవడం మొదలుపెట్టాను. నూట ఎనభై మీటర్లు. రెండు బైకులు, ఒక కంకర ట్రాక్టరు నన్ను దాటిపోయాయి. దుమ్ము నా మీదా తెర మీదా ఒకేలా పడింది.

సగం దూరం పోయాక చీరల మధ్య సందులోంచి ఆమె ముఖం కనిపించింది. నన్ను గుర్తుపట్టింది. మజ్జిగ అనలేదు. నా కాళ్ళ వైపు, నేను తోసుకుంటూ వెళ్తున్న సైకిలు వైపు చూసింది.

"ఏంటికప్పా దిగినావు? ఎక్కి పో," అంది. "ఇంగ రోడ్డే గదా."